గోల్ఫ్‌లో బంతి వంపు: డ్రా, ఫేడ్, తిన్నటి షాట్

నిర్వచనం

గోల్ఫ్ బంతిని కావాలని గాలిలో ఒక పక్కకు వంచి లక్ష్యానికి చేర్చడాన్ని షాట్ మలచడం అంటారు. వంపేమీ లేకుండా గురిచూసిన గీత మీదుగానే పంపితే అది తిన్నటి షాట్. ఇక్కడ "కావాలని" అన్న మాట ముఖ్యం. నిన్నగాక మొన్న క్లబ్ పట్టినవాడి బంతి కూడా వంకర పోతుంది, నిజానికి అందరికంటే ఎక్కువ వంకర పోతుంది. దాన్ని మలచడం అనరు.

తిన్నగా అన్న మాటకూ రెండు అర్థాలున్నాయి. బంతి వంగకుండా పోవడం ఒకటి, అనుకున్న చోట పడడం ఇంకొకటి. ఏమాత్రం వంగకుండా పోయి లక్ష్యానికి ఇరవై గజాల పక్కన పడిన బంతి మొదటి అర్థంలో తిన్ననిదే. చెట్టును చుట్టి వచ్చి జెండా పక్కన ఆగిన బంతి రెండో అర్థంలో తిన్ననిది. ఈ రెండర్థాలనూ కలిపేయడం వల్లే క్లబ్‌హౌసుల్లో ఈ విషయం మీద వాదనలు తెగవు.

రకాలు

ఈ వ్యాసంలో చెప్పే దిశలన్నీ కుడిచేతి ఆటగాడివి. ఎడమచేతి వారు తారుమారు చేసుకోవాలి.

కుడివైపు బయలుదేరి మెల్లగా ఎడమకు తిరిగే బంతి డ్రా. ఎడమవైపు బయలుదేరి మెల్లగా కుడికి తిరిగేది ఫేడ్. అవే వంపులు హద్దు మీరితే డ్రా హుక్ అవుతుంది, ఫేడ్ స్లైస్ అవుతుంది. వంగకుండానే ఎడమకు పోతే పుల్, కుడికి పోతే పుష్. బయలుదేరే దిశలు మూడు, ఆ తరవాతి నడకలు మూడు. మొత్తం తొమ్మిది రకాలుగా లెక్క వేస్తారు. ఈ తొమ్మిదింటిలో వంపూ తప్పిదమూ రెండూ లేనిది ఒక్కటే.

ఎత్తును బట్టి ఇంకో విభజన ఉంది. ఎత్తు, మధ్యరకం, దిగువ అనే మూడు ఎత్తుల్లో డ్రా, ఫేడ్, తిన్నటి షాట్ మూడింటినీ కొట్టే సాధన టైగర్ వుడ్స్ వల్ల ప్రసిద్ధమైంది. గాలిలో తొమ్మిది కిటికీలు ఊహించుకుని, అడిగిన కిటికీలోంచి బంతిని పంపడం దాని పద్ధతి.

వంపు ఎలా పుడుతుంది

క్లబ్‌కూ బంతికీ మధ్య స్పర్శ సెకనులో దాదాపు రెండువేలవ వంతు సేపే ఉంటుంది. బంతి ఎటు బయలుదేరాలి, ఎటు వంగాలి అన్నవి ఆ కాసేపట్లోనే తేలిపోతాయి. తేల్చేవి ప్రధానంగా రెండు. క్లబ్ ఫేస్, అంటే బంతిని తాకే ముఖం, ఎటు చూస్తోంది అన్నది ఒకటి, క్లబ్ ఏ దారిన కదులుతోంది, అంటే స్వింగ్ పాత్ ఎటు ఉంది అన్నది రెండోది.

బంతి బయలుదేరే దిశ ఎక్కువగా ఫేస్‌ను బట్టి ఉంటుంది. డ్రైవర్‌తో కొట్టినప్పుడు అందులో ఫేస్ వాటా సుమారు 85 శాతం, ఐరన్లతో సుమారు 75 శాతం. వంపు మాత్రం ఫేస్‌కూ పాత్‌కూ మధ్య ఉన్న తేడాను బట్టి వస్తుంది. పాత్‌తో పోల్చితే ఫేస్ ఎడమకు మూసుకుని ఉంటే బంతి ఎడమకు, కుడికి తెరుచుకుని ఉంటే కుడికి వంగుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. 150 గజాల దూరంలో ఉన్న జెండా వైపు ఆటగాడు 7-ఐరన్‌తో కొట్టాడు. తాకిన క్షణాన పాత్ లక్ష్యానికి 4 డిగ్రీలు కుడికి ఉంది, ఫేస్ 2 డిగ్రీలు కుడికి ఉంది. బంతి జెండాకు కుడిగా బయలుదేరుతుంది. కానీ పాత్‌తో చూస్తే ఫేస్ 2 డిగ్రీలు మూసుకునే ఉంది కాబట్టి ఎడమకు తిరిగి వస్తుంది. ఇది డ్రా. అదే పాత్ మీద ఫేస్ 6 డిగ్రీలు కుడికి తెరుచుకుంటే బంతి కుడికే బయలుదేరి ఇంకా కుడికే పోతుంది. పక్కనుంచి చూసేవారికి రెండు స్వింగులూ ఒకేలా కనిపిస్తాయి.

తిన్నటి షాట్ ఎందుకు అరుదో ఇక్కడే తెలుస్తుంది. దానికి ఫేస్, పాత్ రెండూ ఒకే గీత మీదికి రావాలి, ఆ గీత లక్ష్యం వైపే ఉండాలి, బంతి ఫేస్ నడుమనే తగలాలి, పక్కగాలి ఉండకూడదు. వంపుకు తేడా ఉంటే చాలు, ఎంతైనా సరే. తిన్నటి షాట్‌కు తేడా సున్నా కావాలి. ఫేస్ ఒక్క డిగ్రీ తప్పినా 250 గజాల దగ్గర బంతి నాలుగు గజాలకు పైగా పక్కకు జరుగుతుంది. వంపు లెక్క దానికి అదనం.

గాలిలో బంతిని తిప్పేది మాగ్నస్ ప్రభావం. వెనక్కి తిరుగుతూ పోయే బంతి తన చుట్టూ ఉన్న గాలిని కిందికి మళ్లిస్తుంది, గాలి బంతిని పైకి ఎత్తుతుంది. బ్యాక్‌స్పిన్ వేరు, సైడ్‌స్పిన్ వేరు అని మాటల్లో అంటారు గానీ బంతికి ఇరుసు ఒక్కటే. ఆ ఇరుసు ఒరిగితే ఎత్తే బలం కూడా ఒరుగుతుంది. రెక్కలు వాల్చి మలుపు తిరిగే విమానంలా బంతి అటు తిరుగుతుంది. క్రికెట్‌లో దీనికి పోలిక కావాలంటే ఫాస్ట్ బౌలర్ స్వింగ్ చూడకూడదు, అది కుట్టు వల్ల వచ్చేది. స్పిన్నర్ విసిరిన బంతి పిచ్ తాకకముందే గాలిలో పక్కకు జరిగే డ్రిఫ్ట్ దీనికి దగ్గర చుట్టం.

డ్రైవర్‌తో కొట్టిన బంతి ఎక్కువ వంగడానికి, వెడ్జ్‌తో కొట్టినది మొండికేయడానికి కారణం కూడా ఈ ఇరుసే. వృత్తి ఆటగాళ్ల డ్రైవర్ షాట్‌లో బంతి నిమిషానికి సుమారు 2,700 సార్లు తిరుగుతుంది, 7-ఐరన్‌తో 7,000 సార్లు. వెడ్జ్‌తో ఇంకా ఎక్కువ. బ్యాక్‌స్పిన్ అంత బలంగా ఉన్నప్పుడు ఫేస్, పాత్ తేడా ఇరుసును కొద్దిగానే ఒరిగించగలదు.

అవగాహన చరిత్ర

తిరిగే బంతి వంగుతుందన్న గమనింపు గోల్ఫ్ నుంచి రాలేదు. 1672లో ప్రచురితమైన కాంతి గురించిన లేఖలో ఐజాక్ న్యూటన్ ఏటవాలుగా కొట్టిన టెన్నిస్ బంతి వంగి పోవడాన్ని ప్రస్తావించాడు. జర్మన్ శాస్త్రవేత్త గుస్టవ్ మాగ్నస్ 1852లో చేసిన ప్రయోగాల వెనక ఉన్నది ఫిరంగి గుండ్ల దారి తప్పే సమస్య. ఆట కోసమే దీన్ని పట్టించుకున్న మొదటి పెద్ద శాస్త్రవేత్త ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలోని పీటర్ గత్రీ టేట్. బంతి అంతసేపు గాలిలో నిలవడానికి బ్యాక్‌స్పినే కారణమని 1890ల్లో ఆయన తేల్చాడు. ఆయన కొడుకు ఫ్రెడ్డీ టేట్ 1896లోనూ 1898లోనూ బ్రిటిష్ అమెచ్యూర్ చాంపియన్. తండ్రి కాగితం మీద వేసిన గరిష్ఠ దూరాన్ని కొడుకు మైదానంలో దాటేశాడని ఒక కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. కథలాగే వినాలి. ఎలక్ట్రాన్‌ను కనిపెట్టిన జె.జె. థామ్సన్ కూడా 1910లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో గోల్ఫ్ బంతి గతిశాస్త్రం మీదే ఉపన్యాసం ఇచ్చాడు.

శాస్త్రం ఇంత ముందుకు వచ్చినా బోధన వెనకబడింది. బంతి పాత్ దిశలో బయలుదేరి చివరికి ఫేస్ చూసిన చోటికి వంగుతుందని శిక్షకులు దశాబ్దాలపాటు చెప్పారు. అది తలకిందుల పాఠం. బ్రిటన్‌లో అలస్టేర్ కోక్రన్, జాన్ స్టాబ్స్ 1968లో వెలువరించిన పరిశోధన గ్రంథం బయలుదేరే దిశ ప్రధానంగా ఫేస్‌దేనని చూపింది. థియోడోర్ జార్గెన్‌సన్ 1990ల్లో దాన్ని జ్యామితిగా వివరించాడు. అయినా పాత పాఠమే నడిచింది. 2003లో డెన్మార్క్‌లో మొదలైన ట్రాక్‌మ్యాన్ సంస్థ రాడార్ యంత్రాలు ప్రాక్టీసు మైదానాల్లోకి వచ్చి, ప్రతి షాట్‌కూ ఫేస్ ఎంత, పాత్ ఎంత అని తెర మీద అంకెలు చూపించాకే వాదన ముగిసింది.

ఇందులో ఒక వింత ఉంది. పాత పాఠం నమ్మిన తరాల్లోనే బంతిని అద్భుతంగా వంచిన వారున్నారు. వాళ్ల చేతులు చేసింది ఒకటి, నోళ్లు చెప్పింది ఇంకొకటి.

పరికరాల ప్రభావం

1848 ప్రాంతంలో వచ్చిన గటాపర్చా బంతులు కొత్తలో నున్నగా ఉండేవి. దెబ్బలు తిని గీతలు పడ్డాకే బాగా ఎగురుతున్నాయని ఆటగాళ్లు గమనించి, కొత్త బంతుల మీద కూడా సుత్తితో గాట్లు కొట్టించడం మొదలుపెట్టారు. ఇంగ్లండ్‌కు చెందిన విలియం టేలర్ 1905లో గుంటలున్న బంతికి పేటెంట్ తీసుకున్నాడు. ఆ గుంటలే నేటి డింపుల్స్. అవి లేని బంతి అదే దెబ్బకు సుమారు సగం దూరమే పోతుంది.

బంతి పరిమాణం కూడా వంపును మార్చింది. అమెరికాలో కనీస వ్యాసం 42.67 మిల్లీమీటర్లు కాగా, బ్రిటన్‌లో 41.15 మిల్లీమీటర్ల చిన్న బంతికి చాలాకాలం అనుమతి ఉండేది. సముద్రపు గాలుల్లో చిన్నది తక్కువ ఊగేది. ఓపెన్ చాంపియన్‌షిప్‌లో 1974 నుంచి పెద్ద బంతి తప్పనిసరి అయింది, 1990లో చిన్న బంతి నిబంధనల్లోంచే పోయింది. 1970ల్లో పొలారా అనే బంతి వచ్చింది. డింపుల్స్‌ను అసమంగా అమర్చి, వంపును దానంతట అదే తగ్గించుకునేలా చేశారు. అమెరికా గోల్ఫ్ సంఘం దాన్ని ఒప్పుకోలేదు. బంతి అన్ని వైపులా ఒకేలా ప్రవర్తించాలన్న సమరూపత నియమం ఆ గొడవ ఫలితమే.

చుట్టిన రబ్బరు దారం బంతుల స్థానంలో 2000లో టైటిలిస్ట్ ప్రో వి1 లాంటి గట్టి గర్భం బంతులు రావడంతో డ్రైవర్ షాట్లలో స్పిన్ తగ్గింది, దాంతో వంపూ తగ్గింది. డ్రైవర్ తలలు కూడా పెరిగాయి. పర్సిమన్ కర్ర తల ఇప్పటి గరిష్ఠ పరిమితి 460 ఘన సెంటీమీటర్లలో సగం కూడా ఉండేది కాదు. పెద్ద తల, అంచులకు పంచిన బరువు కలిసి, నడుమ తప్పి తగిలిన దెబ్బకు కూడా తల మెలి తిరగకుండా ఆపుతాయి. పాత క్లబ్బులో బంతి తల కొసన తగిలితే, మెలి తిరిగే తల బంతిని ఎదురు దిశలో తిప్పే గేర్ ఎఫెక్ట్ వల్ల హుక్ స్పిన్, మడమ వైపు తగిలితే స్లైస్ స్పిన్ గట్టిగా అంటుకునేవి. ఇప్పటి పనిముట్లు తప్పును మన్నిస్తాయి. అదే గుణం వల్ల ఒప్పుగా వంచుదామన్నా అంత సులువుగా ఒప్పుకోవు. నేటి టూర్లలో వంపులు చిన్నవి కావడానికి ఆటగాళ్ల అభిరుచి కంటే ఈ మార్పులే ఎక్కువ కారణం.

ఆడే విధానం

డ్రా కావాలంటే పాదాలు, భుజాలు లక్ష్యానికి కుడిగా సర్ది, ఫేస్‌ను లక్ష్యానికీ ఆ గీతకూ నడుమ ఉంచి మామూలుగా ఊపాలి. ఫేడ్‌కు దీన్ని ఎడమకు తిప్పుకుంటే సరి. బంతి ఉంచే చోటు, పట్టు బిగువు, చేతులు తిరిగే తీరు అన్నవి ఒక్కో శిక్షకుడు ఒక్కోలా చెబుతాడు.

డ్రాలో ఫేస్ మూసుకోవడంతో పాటు లాఫ్ట్, అంటే ఫేస్ వెనక్కి వాలిన కోణం, కాస్త తగ్గుతుంది. అందుకే బంతి తక్కువ ఎత్తులో పోయి నేల మీద ఎక్కువ దొర్లుతుంది. ఫేడ్ ఎత్తుగా పోయి మెత్తగా దిగుతుంది. లీ ట్రెవినో పేరుమీద చలామణీ అయ్యే చమత్కారం దీని గురించే: ఫేడ్‌తో మాట్లాడవచ్చు గానీ హుక్ మాట వినదు.

మైదానం, గాలి, నేల వాలు

టీ నుంచి గ్రీన్ దాకా సాగే గడ్డి దారిని, అంటే ఫెయిర్‌వేను, మధ్యలో మలుపు తిప్పితే దాన్ని డాగ్‌లెగ్ అంటారు. వంపు తెలిసిన ఆటగాడికి మలుపు దగ్గరిదారి అవుతుంది. బాబీ జోన్స్, అలిస్టర్ మెకంజీ రూపొందించిన అగస్టా నేషనల్‌లో 10వ, 13వ హోల్స్ ఎడమకు తిరుగుతాయి, అక్కడ డ్రాకు లాభం. 18వది కుడికి తిరుగుతుంది, అక్కడ ఫేడ్‌కు. బంతిని ఎక్కువ దూరం పంపే కొత్త పనిముట్లు 13వ హోల్ మలుపును తేలిక చేశాయని భావించి నిర్వాహకులు 2023లో టీని వెనక్కి జరిపి దాన్ని 510 నుంచి 545 గజాలు చేశారు.

పక్కగాలిలో దారులు రెండు. గాలితో పాటు వంచితే బంతి దూరం పోతుంది కానీ ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. గాలికి ఎదురు వంచితే రెండూ కొట్టేసుకుని బంతి దాదాపు తిన్నగా పోయి నిలకడగా దిగుతుంది. బయటినుంచి తిన్నగా కనిపించే షాట్లలో కొన్ని ఇలా వంపుతో వచ్చినవే.

నేల వాలు అడక్కుండానే వంపు ఇస్తుంది. బంతి పాదాల కంటే ఎత్తులో ఉంటే ఎడమకు, పల్లంలో ఉంటే కుడికి పోవాలని చూస్తుంది. వాలుతో పోట్లాడకుండా దానికి తగ్గట్టు గురి మార్చుకోవడం తేలిక.

ఒకే వంపును నమ్మినవారు

పెద్ద ఆటగాళ్ల జాబితా చూస్తే, అన్ని వంపులూ తెలిసినా రోజువారీ పనికి ఒకదాన్నే పెట్టుకున్నవారు ఎక్కువ. దక్షిణాఫ్రికాకు చెందిన బాబీ లాక్ ప్రతి షాట్‌నూ కుడికి గురిచూసి ఎడమకు తిప్పేవాడు. పుట్లను కూడా అలాగే కొడతాడన్న పేరు ఉండేది. ఓపెన్‌ను నాలుగుసార్లు, 1949, 1950, 1952, 1957లలో గెలిచాడు.

బెన్ హోగన్ కథ ఇందుకు ఎదురు. తొలినాళ్లలో అతన్ని హుక్ వెంటాడింది. 1940ల్లో స్వింగ్ మార్చి నమ్మకమైన ఫేడ్ కుదుర్చుకున్నాక గెలుపులు వరస కట్టాయి. 1949 ఫిబ్రవరిలో బస్సు ఢీకొని ఎముకలు విరిగినా, పదహారు నెలలకు మెరియన్‌లో యుఎస్ ఓపెన్ గెలిచాడు. ఎడమ మణికట్టుకు సంబంధించిన తన రహస్యాన్ని 1955లో లైఫ్ పత్రికలో బయటపెట్టాడు. అందులో ఉన్నది హుక్‌ను అరికట్టే చిట్కా. జాక్ నిక్లాస్‌కు కూడా ఫేడ్ మీదే మక్కువ. 18 మేజర్ టైటిళ్లలో దాని వాటా పెద్దది. డస్టిన్ జాన్సన్ ఏళ్లుగా డ్రా కొట్టి, 2015 చివర్లో డ్రైవర్‌తో ఫేడ్‌కు మారాడు. మరుసటి ఏడాది ఓక్‌మాంట్‌లో యుఎస్ ఓపెన్ గెలిచాడు.

ఈ పద్ధతికి నిలువెత్తు సాక్ష్యం బ్రూస్ లీట్జ్‌కీ. ఒకే ఫేడ్, అదీ సాధన పెద్దగా లేకుండా. 1984 సీజన్ అయిపోయాక అతను క్లబ్బులు ముట్టడన్న మాట నిజమో కాదో చూద్దామని క్యాడీ అతని డ్రైవర్ తొడుగులో ఒక అరటిపండు పెట్టాడు. కొన్ని నెలల తరవాత కొత్త సీజన్‌కు బ్యాగు తెరిస్తే పండు కుళ్లి అక్కడే ఉంది. అలాంటివాడు పీజీఏ టూర్‌లో 13 టోర్నీలు గెలిచాడు.

తిన్నటి షాట్ పేరు చెబితే కెనడాకు చెందిన మో నార్మన్ గుర్తొస్తాడు. కాళ్లు ఎడంగా, చేతులు చాచి, ఎవరికీ లేని భంగిమలో నిలబడి ఒకే గీత మీద బంతులు పంపేవాడు. పైప్‌లైన్ మో అన్న పేరు అందుకే వచ్చింది. 1955, 1956ల్లో కెనడా అమెచ్యూర్ చాంపియన్. స్వింగ్‌ను పూర్తిగా సొంతం చేసుకున్నవారు హోగన్, నార్మన్ ఇద్దరేనని టైగర్ వుడ్స్ అభిప్రాయం.

అగస్టా, 2012: ఒక వంపు షాట్

అగస్టా నేషనల్‌లో జరిగిన 2012 మాస్టర్స్ టోర్నీలో రెండో ప్లేఆఫ్ హోల్, అంటే 10వది. బబ్బా వాట్సన్ డ్రైవ్ కుడివైపు పైన్ చెట్లలోకి పోయింది. బంతి ఎండిన పైన్ ఆకుల మీద ఉంది. గ్రీన్ కనబడదు. చెట్ల మధ్య ఒక సందు ఉంది కానీ అది గ్రీన్‌కు బాగా ఎడమకు తెరుచుకుంది. వాట్సన్ ఎడమచేతి ఆటగాడు కాబట్టి అతని హుక్ కుడికి తిరుగుతుంది. చేతిలో ఉన్నది 52 డిగ్రీల గ్యాప్ వెడ్జ్, అంటే వంపుకు అస్సలు లొంగని రకం క్లబ్. దాని ఫేస్‌ను గట్టిగా మూసి కొట్టాడు. బంతి సందులోంచి బయటపడి సుమారు 40 గజాలు కుడికి తిరిగి గ్రీన్ మీద ఆగింది. లూయీ ఊస్ట్‌హైజెన్ బోగీ చేశాడు, వాట్సన్ రెండు పుట్లతో పార్ చేసి గెలిచాడు.

ఈ షాట్‌ను వంపు వాదులు సాక్ష్యంగా చూపిస్తారు. తిన్నటి వాదుల జవాబు కూడా ఆ హోల్‌లోనే ఉంది: డ్రైవ్ ఫెయిర్‌వేలో పడి ఉంటే ఆ హుక్ అవసరమే వచ్చేది కాదు.

రెండు వాదాలు

వంపును సమర్థించేవారి ప్రధాన లెక్క ఇది. ఫెయిర్‌వే వెడల్పు 30 గజాలు అనుకుందాం. నడుమకు గురిపెట్టి తిన్నగా కొట్టబోయేవాడికి ఇటు 15, అటు 15 గజాల వెసులుబాటు. ఎడమ అంచుకు గురిపెట్టి ఫేడ్ కొట్టేవాడికి కుడివైపు మొత్తం 30 గజాలు ఉన్నాయి, వంగకపోయినా అంచున నిలుస్తుంది.

ఈ లెక్కలో ఒక లోపం ఉంది. బంతి ఎప్పుడూ ఒకేవైపు తప్పుతుందన్న హామీ ఎవరికీ లేదు. ఫేడ్ ఆటగాడి బంతులు కూడా ఒక సగటు చోటుకు అటూ ఇటూ చెదురుతాయి. ఎడమకు గురిపెట్టి ఫేడ్ అనుకున్నప్పుడు ఫేస్ మూసుకుపోయి ఎడమకే వంగితే దాన్ని డబుల్ క్రాస్ అంటారు, ఆటలో అతి ఖరీదైన తప్పుల్లో అది ఒకటి. షాట్‌కో వంపు మార్చేవాడికి ఆ ముప్పు ఎక్కువ. పీజీఏ టూర్ షాట్ల గణాంకాలతో కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు మార్క్ బ్రాడీ ఒక్కో షాట్ విలువను లెక్కగట్టే స్ట్రోక్స్ గెయిన్డ్ పద్ధతిని రూపొందించాక, తమ బంతులు ఎంత మేర చెదురుతాయో తెలుసుకుని దాని నడుమను సురక్షితమైన చోట పెట్టుకోవాలన్న ఆలోచన బలపడింది. ఇప్పటి శిక్షకుల్లో చాలామంది వంపు ఏదన్నది పట్టించుకోరు, అది మారకుండా ఉందా అని అడుగుతారు.

అందువల్ల వంపా, తిన్ననా అన్న ప్రశ్న ఆచరణలో ఒకటా, అన్నీనా అన్న ప్రశ్నగా మారిపోయింది. చెట్టు అడ్డొచ్చినప్పుడు మాత్రం రెండో వంపు తెలియనివాడు పక్కకు ఫెయిర్‌వేలోకి కొట్టి ఒక దెబ్బ వృథా చేయాల్సిందే.

భారతీయ, తెలుగు ఆటగాళ్లు

బ్రిటన్ వెలుపల అన్నిటికంటే పాత గోల్ఫ్ క్లబ్ 1829 నాటి రాయల్ కలకత్తా. తెలుగు నాట గోల్కొండ కోట పక్కన హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్, గచ్చిబౌలిలో బౌల్డర్ హిల్స్, విశాఖపట్నంలో ఈస్ట్‌పాయింట్ క్లబ్ ఉన్నాయి.

బెంగళూరుకు చెందిన అదితి అశోక్ తిన్నటి ఆటకు మంచి ఉదాహరణ. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో డ్రైవ్ దూరంలో పోటీదారుల్లో బాగా వెనక ఉండి కూడా, గురి, పుటింగ్‌ల బలంతో నాలుగో స్థానంలో నిలిచింది. పతకం ఒక్క స్ట్రోక్‌లో తప్పింది.

సాహిత్ తీగల దారి వేరు. హైదరాబాద్ నుంచి వలస వెళ్లిన తెలుగు కుటుంబంలో 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు. పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయం తరఫున ఆడి, అమెరికా కళాశాలల ఉత్తమ ఆటగాడికిచ్చే బెన్ హోగన్ అవార్డు 2020లో అందుకున్నాడు. డ్రైవ్‌లు పక్కకు పోయినా చెట్ల మధ్య నుంచి, గ్రీన్ పక్కల నుంచి వంచి, ఎత్తి, దొర్లించి బయటపడే ఆటకు అతనికి పేరు. 2023 మాస్టర్స్ చివరి రౌండ్‌లో 16వ హోల్ దగ్గర గ్రీన్ బయటి నుంచి చిప్ చేస్తే బంతి వాలు మీదుగా పెద్ద వంపు తిరిగి వచ్చి హోల్‌లో పడింది. ఆ టోర్నీలో తొమ్మిదో స్థానం పంచుకున్నాడు. అదే ఏడాది సెప్టెంబరులో నాపాలో జరిగిన ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ అతని తొలి పీజీఏ టూర్ విజయం.